ఆర్‌వీ పార్కులో డంప్ ఛార్జీ: మురుగు ఖర్చు ఎవరి నెత్తిన వేయాలి?

హిల్‌కంట్రీ_పార్కు: టెక్సాస్ హిల్ కంట్రీలో చిన్న ఆర్‌వీ పార్కు (ఇల్లులా వాడుకునే బండ్లు దిగే చోటు) నడుపుతున్నాను. ఊరి మురుగు కాలువ మా దాకా రాలేదు కాబట్టి అంతా సెప్టిక్ ట్యాంకు మీదే ఆధారం. సీవర్ కనెక్షన్ (సెప్టిక్‌కు కలిపే గొట్టం) లేని స్థలాల్లో ఒకటి రెండు రాత్రులు దిగేవారు డంప్ స్టేషన్ (బండిలోని మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు) వాడుకుంటే ఇకపై 15 డాలర్లు తీసుకోదలచాను. ఇంటి మురుగుతో పోలిస్తే బండి మరుగుదొడ్డి మురుగు చేరే బ్లాక్ ట్యాంకులో నీరు తక్కువ, మలినం చిక్కన. దానికి తోడు వాసన రాకుండా కొందరు పోసే ఫార్మాల్డిహైడ్ మందులు సెప్టిక్‌లోని సూక్ష్మజీవులను చంపేస్తాయి. అరగని మడ్డి డ్రెయిన్ ఫీల్డ్‌లోకి (సెప్టిక్ నుంచి వచ్చే నీరు ఇంకే నేలలోకి) చేరి నేల పూడుకుపోతే, ట్యాంకును ఎన్నిసార్లు తోడించినా లాభం లేదు. ఫీల్డ్‌ను తవ్వి మళ్లీ వేయించాల్సిందే. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

దారిబత్తెం: అద్దె కట్టిన అతిథి దగ్గర మళ్లీ 15 డాలర్లా? హోటల్ గది ఇచ్చి, స్నానాల గది తలుపు దగ్గర టికెట్ అమ్మినట్టుంది. నిరుడు ఒక పార్కులో ఇలాగే కట్టాను. ముందువారు ఒలకబోసినది సిమెంటు గట్టు మీద ఎండిపోయి ఉంది, కడుగుదామంటే కొళాయిలో చుక్క నీరు లేదు.

చక్రాల_ఇల్లు: కొన్ని రాష్ట్రాల్లో హైవే విశ్రాంతి కేంద్రాల్లో ఉచితంగానే ఖాళీ చేయనిస్తారు.

హిల్‌కంట్రీ_పార్కు: అవి ప్రజల పన్నులతో నడుస్తాయి, నాది బ్యాంకు అప్పుతో నడుస్తుంది. నా గట్టు శుభ్రంగానే ఉంటుంది. ఆ ఫార్మాల్డిహైడ్ మందుల అమ్మకాన్ని కాలిఫోర్నియా చట్టం చేసి మరీ నిషేధించింది. ఇక్కడ మాత్రం ఎవరు ఏమి పోశారో నాకెలా తెలుస్తుంది?

దారిబత్తెం: నేను సూక్ష్మజీవులను చంపని ఎంజైమ్ మందే వాడతాను. మరి నాకు ఎంత తగ్గిస్తారు?

సైటు_ఇంజనీరు: ఉద్యోగరీత్యా ఇలాంటి పార్కుల్లో నెలవారీ అద్దెకు ఉన్నవాడిని కనుక అడుగుతున్నాను: పార్కు గారూ, మీ స్థలాల్లో నెలవారీవి ఎన్ని? మేము రోజూ స్నానాలు చేస్తాం, బట్టల మెషీన్ వేస్తాం, గ్రే వాల్వు (స్నానం, బట్టల నీరు బయటికి పోయే వాల్వు) తెరిచే ఉంచుతాం. డ్రెయిన్ ఫీల్డ్‌ను మడ్డి పూడ్చినట్టే నీటి పరిమాణమూ ముంచుతుంది. టెక్సాస్‌లో మురుగు రోజుకు 5,000 గ్యాలన్లు దాటితే మామూలు సెప్టిక్ అనుమతి చాలదు, రాష్ట్ర పర్యావరణ సంస్థ పర్మిట్ కావాలి. మిమ్మల్ని ఆ గీత దగ్గరకు నెడుతున్నది రెండు రాత్రుల అతిథి కాదేమో.

హిల్‌కంట్రీ_పార్కు: సగానికి పైగా నెలవారీవే. అద్దె పెంచితే వాళ్లు పక్క పార్కుకు వెళ్లిపోతారు, చలికాలంలో బ్యాంకు వాయిదా ఎవరు కడతారు? మీరా? ఉచిత సలహాలకు మాత్రం కొదవ లేదు!

దారిబత్తెం: అదీ సంగతి. తిరిగి రానివాడి మీద వేస్తే అడిగేవాడు ఉండడు కనుక మా మీద వేశారు. అలాంటప్పుడు దానికి సూక్ష్మజీవుల పేరు ఎందుకు పెట్టారు?

హిల్‌కంట్రీ_పార్కు: మందుల సంగతి అబద్ధం కాదు. రెండూ నిజమే.

సైటు_ఇంజనీరు: రెండూ నిజమైతే ఖర్చూ రెండు చోట్లా పడాలి. నెలవారీ స్థలాలకు నీటి మీటర్లు పెట్టించి, ఒక హద్దు దాటిన వాడకానికి మాత్రమే అదనంగా వసూలు చేయండి. పొదుపుగా వాడేవారు పార్కు వదిలి పోరు. డంప్ ఛార్జీ మాత్రం బయటి నుంచి వచ్చి ఖాళీ చేసుకుని పోయేవారికే ఉంచండి.

చక్రాల_ఇల్లు: మీటర్ల ఖర్చును కూడా మా అద్దెలో కలపరు కదా?