మా నాయనమ్మ చేసింది తప్పా, ఆ కాలానికి ఒప్పా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మొన్న ఆదివారం ఇంట్లో మొదలైన వాదన ఇంకా తేలలేదు, సాయం చేయండి.

నా చిన్నప్పుడు ఊళ్లో మా నాయనమ్మ, మిరపకాయ కోతలకొచ్చే కూలీల కోసం కొట్టం చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉంచేది. అంచు సొట్టపోయిన గ్లాసు. మజ్జిగ పైనుంచి పోసేది. తాగినవాళ్లే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. అదే మనిషి, వాళ్ల పిల్లలకు జ్వరమొస్తే అర్ధరాత్రి లేచి కషాయం కాచి పంపేది.

ఇది విని డిగ్రీ చదివే మా అబ్బాయి "ఆవిడ చేసింది తప్పే" అన్నాడు. మా బాబాయేమో "కాలం అలాంటిదిరా, అప్పటికి అది తప్పు కాదు" అన్నారు.

రాజ్యాంగం 17వ అధికరణ 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా గ్లాసు చూరులోనే ఉంది. సరే, చట్టం రాకముందు మాత్రం అది ఒప్పేనా? నా మనసు ఒప్పుకోదు. నీతి కాలాన్ని బట్టి మారేదే అయితే, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారిది అప్పటికి తప్పనాలి గదా! పోనీ నీతి అందరికీ, అన్ని కాలాలకీ ఒకటే అందామంటే, అది ఎక్కడుంది, మనకెలా తెలుస్తుంది? లోకం ఎలా ఉందో ఎంత చెప్పుకున్నా, ఎలా ఉండాలన్నది అందులోంచి రాదని 18వ శతాబ్దంలోనే హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తప్పు తప్పే, కానీ ఆవిడను అంతగా నిందించలేం అనొచ్చా? లేక అది నాయనమ్మ మీద ప్రేమతో నేను వెతుక్కుంటున్న సాకా? తత్వశాస్త్రం చదివినవాళ్లు, ముఖ్యంగా అలాంటి గ్లాసుతో తాగిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చెప్పండి. మా అబ్బాయికీ బాబాయికీ చదివి వినిపిస్తాను.