అగత్తి రన్‌వే పొడిగించాలా, వద్దా?

చుక్కాని: లక్షద్వీప్ మొత్తానికి ఎయిర్‌పోర్టు ఒక్కటే, అగత్తిలో. 1988లో మొదలైంది. రన్‌వే దాదాపు 1,200 మీటర్లే కాబట్టి ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే దిగుతాయి. పెద్ద జెట్లు దిగేలా దాన్ని పొడిగించాలనే ప్రతిపాదన ఉంది. నా ఓటు దానికే. కొచ్చి నుంచి ఓడలో పద్నాలుగు గంటల పైమాటే, విమానంలో అయితే గంటన్నర. ఇంకా ఆలోచించాల్సిందేముంది?

ఉప్పుగాలి: చుక్కాని గారూ, ఒకసారి మ్యాప్ జూమ్ చేసి చూడండి. దక్షిణపు కొసకి వచ్చేసరికి దీవి అంతా రన్‌వేనే. నేను వెళ్లినప్పుడు చక్రాలు నేలకి తగిలేదాకా కిటికీలోంచి నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అంటే పొడిగించేది పగడపు దిబ్బ మీదికే. 1998, 2010, 2016ల్లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబడి చాలావరకు చచ్చిపోయాయి. మిగిలినవాటి మీద మనం కాంక్రీటు పోద్దామా? దీవిని అలల నుంచి కాపాడేది ఆ దిబ్బేనండీ.

చుక్కాని: పగడాల సంగతి సరే, గుండెపోటు వచ్చిన మనిషి సంగతేంటి?

రెండోమాట: రోగుల్ని హెలికాప్టర్‌లో కొచ్చికి తీసుకొస్తారు బ్రదర్. జెట్ దిగితే వాళ్లకి ఒరిగేదేంటి? పక్క దీవి కవరత్తి మనిషి అగత్తికి రావాలన్నా మళ్లీ సముద్రం దాటాల్సిందే. మినికాయ్ అయితే మరీ దూరం, దక్షిణాన ఎక్కడో విడిగా ఉంటుంది. అక్కడ సైన్యానికీ జనానికీ కలిపి కొత్త ఎయిర్‌పోర్టు కట్టాలనే ప్రతిపాదన వేరే ఉంది. దీవుల వాళ్ల కష్టమే మీ బాధ అయితే ముందు అడగాల్సింది వానాకాలంలో ఆగకుండా తిరిగే ఓడలు.

అసలు జెట్ నిండా దిగేది టూరిస్టులు. మంచిదే, దుకాణాలకీ పడవల వాళ్లకీ డబ్బులొస్తాయి. మరి నీళ్లో? పగడపు దీవుల్లో ఉప్పునీటి మీద తేలే పలుచటి పొరే మంచినీరు. ఎక్కువ తోడితే బావుల్లో ఉప్పు తేలుతుంది. కవరత్తిలో 2005లోనే సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు పెట్టారంటే ఊరికేనా? దాని సామర్థ్యం రోజుకి లక్ష లీటర్లు. ఒక్కో టూరిస్టు షవర్ కింద ఎంత వాడతాడో మీరే లెక్కేసుకోండి.

నేనైతే రన్‌వే జోలికే పోను. రన్‌వే చిన్నదని ఏటీఆర్‌లో సీట్లు ఖాళీగా వదిలి, బరువు తగ్గించి నడుపుతారు. ఉన్న ఆ కొద్ది సీట్లలో సగం దీవుల వాళ్లకి, వాళ్లు కట్టగలిగే ధరకి, ఆఖరి రోజు దాకా పక్కన పెట్టాలి. బయటివాళ్లకి ఎలాగూ పర్మిట్ ఉండాలి కదా, ఎంతమందికివ్వాలో అక్కడే ఆపొచ్చు.

చుక్కాని: కోటా బాగానే ఉంది. ఖాళీగా వదిలిన సీట్లకి, తక్కువ ధర సీట్లకి నష్టం ఎవరు భరిస్తారు? విమానం కంపెనీ రెండో నెలకే సర్వీసు ఎత్తేస్తుంది.

రెండోమాట: రన్‌వేకి పెట్టే డబ్బులో కొంత సబ్సిడీగా ఇస్తే ఎందుకు ఎత్తేస్తుంది?