మానిఫోల్డ్ స్టడ్లకు తుప్పు: నిప్పు పెట్టాలా, నూనె పోసి ఆగాలా?

సాగరతీరం:
విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటున్నాను. నా పాత డీజిల్ జీపు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మానిఫోల్డ్ (ఇంజన్ పొగను సైలెన్సర్ వైపు పంపే గొట్టాల భాగం) దగ్గర టక్ టక్ మంటూ పొగ చిమ్ముతోంది, వేడెక్కాక ఆ శబ్దం తగ్గుతోంది. ప్యాకింగ్ మార్చబోయిన మెకానిక్ పానాకు పైపు తగిలించి ఒక్కసారిగా గుంజడంతో దాన్ని ఇంజన్ పైభాగమైన హెడ్డుకు పట్టి ఉంచే మరల కడ్డీల్లో (స్టడ్లలో) చివరిది హెడ్డుకు సమానంగా తెగిపోయింది. హెడ్డు పోత ఇనుముది. మిగిలినవి తెగకుండా రావాలంటే ముందు నూనె పోయాలా, గ్యాస్‌తో కాల్చాలా?

కొలిమి:
ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ముందు వేడే చేయాలి. ఏళ్ల తరబడి కాలి గట్టిపడిన తుప్పులోకి నూనె అంత సులభంగా దిగదు. నట్టును ఎర్రబడేదాకా కాల్చితే అది వ్యాకోచించి తుప్పు పట్టు సడలుతుంది. కాస్త చల్లారాక కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరల సందుల్లోకి పాకుతుంది. తెగిన ముక్క మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపితే, ఆ వేడికే చాలాసార్లు ముక్క కదులుతుంది.

ఓర్పు:
నేను దీనితో ఏకీభవించను. పూటకొకసారి చొప్పున మూడు రోజులు నూనె వేసి, నట్టును సుత్తితో చిన్నగా తట్టి, పావు చుట్టు విప్పి మళ్లీ బిగిస్తూ ముందుకు వెళ్లాలి. హెడ్డు అల్యూమినియందైతే మంట ప్రమాదం: ఆ లోహం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగే ముందు ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు.

కొలిమి:
హెడ్డు పోత ఇనుముదని అడిగినవారు మొదటే రాశారు.

ఓర్పు:
రేపు అల్యూమినియం హెడ్డు ఉన్న కారు యజమాని ఇది చదివి టార్చి పట్టుకుంటే ఆ నష్టానికి ఎవరు బాధ్యులు?

రాత్రిబండి:
వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు విప్పండి, డీజిల్ పైపుల దగ్గరికి మంట రానివ్వకండి.

లేతుపని:
తెగిన ముక్కలో ఈజీ అవుట్ (ముక్కను తిప్పి బయటకు తీసే పనిముట్టు) దించి బలంగా తిప్పవద్దని నా విన్నపం. అది స్టడ్ కంటే గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు. ఇంకొక మాట: మానిఫోల్డ్ హెడ్డు కంటే ఎక్కువ వేడెక్కి పొడవునా సాగుతుంది, ఆ లాగుడు రెండు కొసల స్టడ్ల మీదే ఎక్కువగా పడుతుంది. అందుకే చివరిది తెగింది. మానిఫోల్డ్ ముఖం వంగిందేమో సమతల పట్టీ పెట్టి చూడకుండా కొత్త స్టడ్లు వేస్తే అవీ తెగుతాయి.

సాగరతీరం:
తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ స్టడ్లు వేయమంటున్నారు, వేయవచ్చా?

లేతుపని:
ఆ రకాలలో చాలావరకు మామూలు ఉక్కు కంటే వేడికి ఎక్కువగా సాగుతాయి, నట్టు కూడా అదే లోహమైతే మరలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. వేడిని తట్టుకునే ఉక్కు స్టడ్లు, రాగి పూత నట్లు వేసి, నడుమ నుంచి కొసలకు బిగించండి.

ఓర్పు:
కొలిమి గారు నా ప్రశ్నకు జవాబివ్వలేదు. నా కారు హెడ్డును ఒక షెడ్డులో ఇలాగే కాల్చి మరలు పాడుచేశారు, పైగా కొత్త హెడ్డు ఖర్చు నా చేతే కట్టించారు. తొందర వారిది, నష్టం నాది.

కొలిమి:
మీకు అన్యాయం జరిగింది, కాదనను. అయితే బండిని మూడు రోజులు షెడ్డులో వదిలేవారిని నాకు చూపించండి. పొద్దున తెచ్చి సాయంత్రానికి కావాలంటారు. ముందే తుప్పు తినేసిన స్టడ్ నా చేతిలో తెగితే తప్పు నాదవుతుంది. నాలుగు గంటలు డ్రిల్ చేసి, ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) వేసి మరలు బాగుచేస్తే ఆ కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఓర్పు:
అలాంటప్పుడు తెగవచ్చని, తెగితే ఇంత అవుతుందని పానా పట్టకముందే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మూడు రోజులు కాదు, వారమైనా వదిలేవాణ్ణి.

కొలిమి:
చెబితే పక్క షెడ్డుకు వెళ్లిపోతారన్న భయంతోనే నేనూ చాలాసార్లు చెప్పలేదు.

సాగరతీరం:
ఈ రోజు వేరే మెకానిక్‌తో మాట్లాడాను. బండి నాలుగు రోజులు ఆయన దగ్గరే ఉంటుంది. నూనెకు లొంగని నట్లనే కాలుస్తారు. తెగిన ప్రతి స్టడ్‌కూ కూలి ఎంతో ముందే కాగితం మీద రాసుకున్నాం, పాత మెకానిక్ తెంచిన దానికీ నేనే ఇస్తున్నాను. రేపు ఉదయం మొదటి విడత నూనె వేస్తారు.