అర్ధపారగమ్యమా, అర్థపారగమ్యమా?

అరసున్న:
పాత శరీరశాస్త్ర పాఠంలోని వాక్యం ఒకటి నాలుక చివర ఆడుతోంది, పూర్తిగా రావడం లేదు. “కణత్వచము నీటిని పోనిచ్చును, లవణమును పోనీయదు, కావున అది... అర్_పారగమ్యము అనబడును.” చుక్కలు పెట్టిన చోట నాలుగక్షరాల విశేషణం ఒకటి ఉండాలి. ఎవరికైనా గుర్తుందా? ఇంకో అనుమానం: ఆ రేఫ పక్కన ఉండాల్సింది ధ-వా, థ-వా?

వట్రుసుడి:
ధ. సగం అనే అర్ధ. అర్ధరాత్రిని ‘అర్థరాత్రి’ చేసిన చెయ్యే ఇక్కడా పడింది. పాత అచ్చులో థ కడుపులోని చుక్క సిరా పట్టక పోతే ధ అయిపోతుంది, ధలో సిరా మరక పడితే థ అయిపోతుంది. అచ్చును చూసి తేల్చడం కష్టం, వ్యుత్పత్తి చూసి తేల్చాలి.

పొల్లు:
వ్యుత్పత్తే చూద్దామండీ. అర్థానికి ప్రయోజనం అనే అర్థం లేదా? పురుషార్థంలో ఉన్నది అదే కదా. కణానికి పనికొచ్చేదాన్ని పోనిచ్చేది అర్థపారగమ్యం. ‘సగం’ కంటే ఇదే కణానికి దగ్గరగా ఉంది.

వట్రుసుడి:
సమాసం కుదిరినంత మాత్రాన మాట అలా పుట్టిందని కాదు. అర్ధాంతరం, అర్థాంతరం రెండూ ఉన్నాయి, రెండింటి దారీ వేరు. ఇక్కడ ఉద్దేశించింది సగమే. ‘పారగమ్యం’ మాత్రం ఎంత అందమైన మాటో చూడండి. పారం అంటే అవతలి ఒడ్డు. వేదపారగుడు వేదపు అవతలి ఒడ్డు ముట్టినవాడు. అవతలి ఒడ్డుకు చేరనిచ్చేది పారగమ్యం.

ఏత్వం:
ఒత్తు సంగతి సరే, ‘సగం’ అన్న భావమే నిలవదు. “నీటిని పోనిచ్చును, ద్రావితాన్ని (నీటిలో కరిగినదాన్ని) పోనీయదు” అన్న నిర్వచనాన్ని యూరియాతో పరీక్షించండి. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి ఎర్రరక్తకణాలు వేస్తే వాటి ఆకారం చెడదు. లీటరుకు 18 గ్రాముల యూరియా కలిపినా ద్రవాభిసరణ పీడనం, అంటే త్వచం గుండా నీటిని లాగే బలం, దాదాపు అంతే, కానీ కణాలు పగిలిపోతాయి. యూరియా త్వచం దాటి లోపలికి పోతుంది, దాని వెంట నీరూ పోతుంది. కణం ఉబ్బి పగులుతుంది. రెండో ద్రావణం పీడనంలో సమానమే గానీ కణం పాలిట సమగాఢం (కణం ఆకారం చెడనివ్వనిది) కాదు. ద్రావితం పోదు అనుకున్నవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ అందదు. అందుకే ‘వరణాత్మక పారగమ్యం’, అంటే ఏరి పోనిచ్చేది, అనాలి.

పొల్లు:
వరణాత్మకం బరువుగా ఉంది. బడి పుస్తకాల్లోని ‘విచక్షణా త్వచం’ ఏమైంది?

వట్రుసుడి:
విచక్షణ సంస్కృతంలో విశేషణం. వివేకి, కన్నున్నవాడు అని. తెలుగులో అది వివేకమనే నామవాచకమైంది. త్వచానికి వివేకం అంటగట్టడం నాకు నచ్చదు.

ఏత్వం:
నాకు నచ్చుతుంది, కారణం చెబుతాను. వేమన ‘ఉప్పు కప్పురంబు’ పద్యం గుర్తు చేసుకోండి. సోడియం, పొటాషియం అయాన్లు అలాగే ఒక్క పోలికన ఉంటాయి, రెండింటి ఆవేశమూ ఒకటే. సోడియం వ్యాసార్ధం 0.95 ఆంగ్‌స్ట్రాములు, పొటాషియానిది 1.33. అయినా త్వచంలో పొటాషియం దాటే ప్రొటీన్ మార్గంలో పెద్దది పోతుంది, చిన్నది పోదు. అయాన్ చుట్టూ నీటి అణువులు అంటుకుని ఉంటాయి, వాటిని విడిస్తేనే ఆ ఇరుకులో పడుతుంది. మార్గం గోడల్లోని ఆక్సిజన్లు పొటాషియానికి సరిగ్గా ఆ నీరు ఉన్నంత దూరంలోనే ఉన్నాయి, కాబట్టి విడిచినా దానికి నష్టం లేదు. సోడియం చిన్నది, ఆ ఆక్సిజన్లన్నీ దానికి అందవు. నీటిని వదులుకోవడం దానికి గిట్టదు. వెయ్యి రెట్లకు పైగా తేడా ఇక్కడే వస్తుంది. రాడరిక్ మెకినన్ అనే శాస్త్రవేత్త 1998లో ఈ నిర్మాణాన్ని చూపించాడు, 2003లో నోబెల్ వచ్చింది. “రుచుల జాడలు వేరు” అంటే ఇదే.

వట్రుసుడి:
‘జాడలు’ కాదండీ, ‘జాడ’. “చూడ చూడ రుచుల జాడ వేరు.” ఆటవెలది రెండో పాదం, అయిదూ సూర్యగణాలే. జాడలు అంటే భగణం, ఇంద్రగణమై కూర్చుంటుంది. పైగా చూడ, జాడ ప్రాసయతి.

పొల్లు:
చాలామంది ‘వేరయా’ అని ముగిస్తారు కదా, అదీ తప్పేనా?

వట్రుసుడి:
అక్కడ తప్పే. వేరయా రగణం, అదీ ఇంద్రగణమే. మూడో పాదం చివర “పుణ్యపురుషులు వేరయా” అని ఉన్నది నోటికి అలవాటై రెండో పాదంలోకి దూరుతోంది. మూడో పాదం చివర ఇంద్రగణాలు రావాలి కాబట్టి అక్కడ చక్కగా కుదిరింది.

అరసున్న:
వేమన మీద ఎంత మాట్లాడినా తనివి తీరదు, కానీ నా విశేషణం?

ఏత్వం:
వస్తున్నానండీ, ఒక్క మాట. ‘సగం’ అన్నప్పుడు జబ్బులు కూడా అర్థం కావు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బులో త్వచానికి చిల్లు పడలేదు, కొవ్వు పొరలో లోపం లేదు. క్లోరైడ్ దాటే ఒక్క ప్రొటీన్‌దే లోపం. 1480 అమైనో ఆమ్లాల గొలుసులో 508వ చోటి ఫినైల్‌అలనిన్ లేకపోవడం అందులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు. గొలుసు సరిగ్గా మడత పడదు. కణం లోపల ప్రొటీన్లు మడత పడే చోటైన అంతర్జీవ ద్రవ్యజాలం దాన్ని పట్టి ఉంచుతుంది, కణం దాన్ని ముక్కలు చేస్తుంది, చాలా భాగం త్వచం దాకా రానే రాదు. చెమట నుంచి క్లోరైడ్‌ను వెనక్కి తీసుకునే దారి లేక అది లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటుతుంది, పరీక్షలో చూసేది ఆ అంకెనే. ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడుతుంది.

పొల్లు:
గోళకణ రక్తహీనత మాత్రం వేరు కదా? అక్కడ దారులు బాగానే ఉంటాయి.

ఏత్వం:
అవును. అక్కడ త్వచాన్ని లోపలి నుంచి పట్టి ఉంచే స్పెక్ట్రిన్, ఆంకిరిన్ వంటి ప్రొటీన్లలో లోపం. పొర తునకలు రాలి కణం బంతిలా అవుతుంది. పళ్లెంలా ఉన్న కణం ఉబ్బడానికి చోటుంటుంది, బంతికి ఉండదు. మామూలు ఎర్రకణాలు సుమారు 0.5 శాతం ఉప్పునీటిలో పగలడం మొదలుపెడితే, ఇవి అంతకంటే చిక్కటి నీటిలోనే పగులుతాయి.

పొల్లు:
ఇంత చెప్పుకుని ‘ద్రవాభిసరణం’ గురించి ఎవరూ మాట్లాడలేదు. విసరణలో ఉన్నది వి, నలుదిక్కులా చెదరడం. అభిసరణలో ఉన్నది అభి, ఒకరి వైపుకు నడవడం. అభిసారిక నడిచినట్టు నీరు ఉప్పున్న వైపుకు నడుస్తుంది. ఈ మాట పెట్టినవారికి కావ్యపరిచయం గట్టిగా ఉండి తీరాలి. అరసున్న గారూ, మీ నాలుగక్షరాలు ‘ఏకముఖ’ అయ్యుండవచ్చు. నీటి నడక ఒక వైపుకే కదా.

ఏత్వం:
నీరు రెండు వైపులకూ నడుస్తుందండీ. ఉప్పున్న వైపుకు పోయేది ఎక్కువ, అంతే. సమగాఢ ద్రావణంలో కూడా రాకపోకలు ఆగవు, రెండూ సమానమవుతాయి. కాబట్టి ఏకముఖ కాకూడదు.

అరసున్న:
కాకూడదు సరే, ఆ రాసినవారు అలా రాయలేదని ఎలా చెప్పగలం? వరణాత్మకం అయిదక్షరాలు, పట్టదు. విచక్షణ నాలుగు, ఏకముఖా నాలుగే.

వట్రుసుడి:
విచక్షణ ఉండి ఉంటే వెంటనే ‘అర్ధ’ ఎందుకు వస్తుంది? ఏరి పోనిచ్చేదాన్ని మళ్లీ సగం అనరు. థ-వే అయితే తప్ప.

పొల్లు:
నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.