షుగర్ ఉంటే కెరటోకోనస్ రాదా? లేక రెండూ ఒకే జన్యువు పనా?

కాకినాడ_కాజా
మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. కెరటోకోనస్ అని చెప్పారు, కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) పల్చబడి ముందుకు పొడుచుకొస్తోందట. అమ్మకు పదేళ్లుగా షుగర్, నాన్న వైపు కూడా ఉంది. పెద్దమ్మేమో "రెండూ మన రక్తంలోనే ఉన్నాయి" అంటుంది. మందుల షాపు నడిపే బాబాయి మాత్రం షుగర్‌కీ ఈ జబ్బుకీ ఉప్పూ నిప్పూ, ఒకటుంటే రెండోది రాదని వాదిస్తాడు. ఎవరి మాట నమ్మాలి? నెట్‌లో వెతికితే టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

లెన్స్‌బండి
ఆప్టోమెట్రిస్టుని. మీ బాబాయి గారి మాట గాల్లోంచి పుట్టింది కాదు. జర్మనీలో సైలర్, స్పోయెర్ల్ బృందం 2000లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే వ్యాసం వేసింది. షుగర్ ఉన్నవాళ్లలో కెరటోకోనస్ తక్కువగా కనిపిస్తోందన్నది వాళ్ల మాట. కారణం కూడా అర్థమయ్యేదే. ఏళ్ల తరబడి గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే అది కార్నియాను అల్లిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులకు అంటుకుని, పోగుకీ పోగుకీ మధ్య బంధాలు పడేలా చేస్తుంది. అమ్మగారికి చేయించే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది కూడా ఈ అంటుకోవడాన్నే, కాకపోతే అక్కడ హిమోగ్లోబిన్ మీద. బంధాలు పడిన కార్నియా గట్టిపడుతుంది, తేలిగ్గా సాగదు. కెరటోకోనస్‌కి చేసే క్రాస్‌లింకింగ్ చికిత్స పనిచేసేదీ దాదాపు ఇలాగే. పైపొర తీసేసి, రైబోఫ్లేవిన్ చుక్కలతో అరగంట నానబెట్టి, మరో అరగంట అతినీలలోహిత కాంతి పెడతారు. మొదట వచ్చిన పద్ధతి అది, ఇప్పుడు ఇంకా త్వరగా ముగించే పద్ధతులూ ఉన్నాయి. జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి మొదటి రోగుల ఫలితాలు 2003లో వచ్చాయి. ఇందులో జన్యువు ఎక్కడుందండీ? అంతా కెమిస్ట్రీ.

పాతబస్తీ_పావురం
అన్నా, కొంచెం ఆగండి. కెరటోకోనస్ మొదలయ్యేది ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్లప్పుడు. టైప్ 2 షుగర్ బయటపడేది చాలామందికి నలభై దాటాక. అప్పుడొచ్చి కార్నియాను కాపాడుతుందంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది. పైగా వయసు పెరిగితే షుగర్ లేకున్నా కార్నియా గట్టిపడుతుంది కదా. ఆ ఘనత షుగర్ ఖాతాలో రాస్తున్నారేమో.

జీన్స్‌ప్యాంటు
వయసు సంగతి చూసుకునే చేసిన లెక్క ఒకటుంది. అమెరికాలో ఇన్సూరెన్స్ రికార్డుల మీద 2016లో వచ్చింది. కెరటోకోనస్ ఉన్న దాదాపు 16 వేల మందిని, వయసు లాంటివి సరిపోయే అంతే మందితో పోల్చారు. షుగర్ ఉండి వేరే ఇబ్బందులేమీ లేనివాళ్లలో కెరటోకోనస్ అవకాశం సుమారు 20 శాతం తక్కువ. షుగర్ వల్ల అవయవాలు దెబ్బతిన్నవాళ్లలో 52 శాతం తక్కువ. ఈ మెట్లు చూడండి, షుగర్ ముదిరినవాళ్లలో కెరటోకోనస్ ఇంకా తగ్గింది. పుట్టుకతో వచ్చిన జన్యువుకు ఇవాళ మీ షుగర్ ఎంతో తెలియదు. కాబట్టి ఇక్కడివరకు లెన్స్‌బండి గారితో నేనూ ఉన్నా.

కానీ "జన్యువు ఎక్కడుంది" అనేయడం తొందరపాటు. డౌన్ సిండ్రోమ్ చూడండి. 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉండటం వల్ల వస్తుంది. వాళ్లలో కెరటోకోనస్ ఎక్కువ, టైప్ 1 షుగర్ (ఎక్కువగా చిన్న వయసులోనే వచ్చే రకం) కూడా ఎక్కువే. బాబాయి గారి సూత్రం అక్కడ తలకిందులైంది.

లెన్స్‌బండి
వాళ్లలో కళ్లు నలుపుకునే అలవాటు కూడా ఎక్కువండీ. అదీ ఒక కారణమే.

జీన్స్‌ప్యాంటు
ఒప్పుకుంటా. కానీ కార్నియా సంగతి నలుపుడుకే వదిలేసినా, టైప్ 1 నలిపితే రాదు కదా.

మంగళగిరి_మేడ
ఇంత చర్చ ఎందుకు? టీసీఎఫ్4 అనే జన్యువు ఉంది. షుగర్‌కీ అదే, ఫుక్స్ డిస్ట్రఫీ అనే కార్నియా జబ్బుకీ అదే. మా కజిన్ పంపిన వీడియోలో స్పష్టంగా చెప్పారు.

జీన్స్‌ప్యాంటు
ఆ వీడియోలో రెండు జన్యువులను కలిపి కుట్టేశారు. ఫుక్స్ డిస్ట్రఫీలో కనిపించేది 18వ క్రోమోజోమ్ మీది టీసీఎఫ్4. అందులో సీటీజీ అనే మూడక్షరాల ముక్క పదేపదే రిపీట్ అవుతూ పెరిగిపోతుంది. టైప్ 2 షుగర్‌తో బలమైన సంబంధం 2006లో ఐస్‌లాండ్ వాళ్లు చూపించినది టీసీఎఫ్7ఎల్2, అది 10వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పాత వ్యాసాల్లో దీన్ని కూడా టీసీఎఫ్4 అనే రాసేవాళ్లు, గందరగోళమంతా అందుకే. ఒకే పేరున్న ఇద్దరి ఆధార్ కార్డులు కలిసిపోయిన కేసు ఇది.

అసలు కెరటోకోనస్ జన్యువుల జాబితా తీస్తే, 2021లో అనేక జాతుల వాళ్లను కలిపి చేసిన పెద్ద అధ్యయనంలో ఈ జబ్బుతో సంబంధమున్న 36 చోట్లు మన డీఎన్‌ఏలో దొరికాయి. వాటిలో కొల్లాజెన్ అల్లికకు సంబంధించినవి ముఖ్యమైనవి. టైప్ 2 జన్యువుల్లో చాలా వరకు ప్యాంక్రియాస్ ఇన్సులిన్ వదిలే తీరుకు సంబంధించినవి. పెద్దమ్మ గారు చెప్పినట్టు రెండూ రక్తంలో ఉండొచ్చు, కానీ వేర్వేరు దారుల్లో వచ్చినవి.

మంగళగిరి_మేడ
మరి మేనరికాల వల్ల వచ్చే కార్నియా జబ్బులు? మా ఊళ్లో రెండిళ్లలో ఉన్నాయి, ఆ ఇళ్లలో షుగరూ ఉంది.

జీన్స్‌ప్యాంటు
మాక్యులర్ కార్నియల్ డిస్ట్రఫీ (కార్నియా మసకబారే వంశపారంపర్య జబ్బు) లాంటివి అయితే మేనరికం లెక్క నిజమే. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ పాడైన కాపీ వస్తేనే ఆ జబ్బు వస్తుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ పరిశోధకులు అలాంటి కుటుంబాల్లో సీహెచ్‌ఎస్‌టీ6 జన్యువు మార్పులు చూపించారు. దానికీ షుగర్‌కీ పొత్తు లేదు. షుగర్ ఇవాళ ఏ ఇంట్లో లేదు చెప్పండి? అంత మామూలైన జబ్బు ఏ అరుదైన జబ్బు పక్కనైనా కనిపిస్తుంది.

లెన్స్‌బండి
బాబాయి గారి మాట విని షుగర్ కంటికి మంచిదనుకునేరు! ఎన్నాళ్లుగానో షుగర్ ఉన్నవాళ్ల కంటికి దూది పోగు చివర తాకించి చూస్తుంటాం. రెప్ప టక్కున పడాలి. కొందరికి ఆలస్యంగా పడుతుంది, కొందరైతే తాకినట్టే తెలియదంటారు. కార్నియాలో నరాలు తగ్గిపోతాయి, గీత పడితే మానడానికి రోజులు పడుతుంది. పొర గట్టిపడింది సరే, దాన్ని కాపాడే స్పర్శ పోయింది.

కాజా గారూ, తమ్ముడిని కళ్లు నలపొద్దనండి. టోపోగ్రఫీ (కార్నియా ఆకారాన్ని కొలిచే స్కాన్) డాక్టర్ చెప్పినన్ని నెలలకోసారి తీయించండి, పెరుగుతోందని తేలితే క్రాస్‌లింకింగ్ వాయిదా వేయొద్దు. మీకూ ఒకసారి తీయించుకోండి, తోబుట్టువులకు రిస్క్ మామూలు కంటే ఎక్కువ. అమ్మగారికి రెటీనా పరీక్ష ఏడాదికోసారి.

కాకినాడ_కాజా
నాకూ తీయాలా? అది ఎవరూ చెప్పలేదు. ఈ శనివారమే వెళ్తాం.

పాతబస్తీ_పావురం
వెళ్లి రండి తమ్మీ. నా పేచీ మాత్రం అట్లనే ఉంది. తర్వాత వేరే దేశాల్లో చేసిన అధ్యయనాలన్నీ ఆ 2016 లెక్కతో ఏకీభవించలేదు. నిజంగా చక్కెరే కాపాడుతోందంటే చిన్నప్పటి నుంచి టైప్ 1 ఉన్న పిల్లల్లో అది అందరికంటే బాగా కనబడాలి, ఎందుకంటే వాళ్లకు కెరటోకోనస్ వయసు కంటే ముందే షుగర్ వచ్చింది. ఆ పిల్లల లెక్కలు విడిగా తీసి చూపించండి, నేనే వచ్చి బాబాయి పక్కన కూర్చుంటా.