ఏజెన్సీ ఆస్పత్రిలో పిల్లలకు మూడో వెంటిలేటరు అడగాలా, రాత్రి నర్సులను అడగాలా?

కొండమీది వైద్యుడు:

విశాఖకు పైనున్న ఏజెన్సీలో, ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో మూడేళ్లుగా పిల్లల వైద్యుడిగా పనిచేస్తున్నాను. కోవిడ్ రెండో వేవ్ తర్వాత, 2021 జూలైలో, కేంద్రం 23,123 కోట్ల రూపాయల అత్యవసర ప్యాకేజీ ప్రకటించి, ప్రతి జిల్లాలోనూ పిల్లలకు ప్రత్యేక విభాగం పెట్టాలని నిర్ణయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే మా దగ్గరికి రెండు వెంటిలేటర్లు వచ్చాయి. వాటి ప్లాస్టిక్ తొడుగులు ఇప్పటికీ తీయలేదు. ఇప్పుడు మూడోది అడగాలని మా ఆస్పత్రిలో కొందరంటున్నారు. అడగకూడదన్నది నా వాదన.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పద్నాలుగు నెలల పాపను తీసుకొచ్చారు. డొక్కలు ఎగరేస్తోంది, పాలు తాగడం మానేసింది, రక్తంలో ఆక్సిజన్ 82 శాతమే చూపిస్తోంది. ముక్కు ద్వారా కొంత ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే బబుల్ సీపాప్ పెట్టాము. ఇది పెద్ద యంత్రమేమీ కాదు. పాప వదిలే ఊపిరి ఒక గొట్టం గుండా నీళ్ల సీసాలోకి పోతుంది, గొట్టం కొస నీళ్లలో ఎన్ని సెంటీమీటర్లు మునిగితే ఊపిరితిత్తుల్లో అంత ఒత్తిడి నిలుస్తుంది. అయితే ముక్కులోని గొట్టం కాస్త జారినా, కడుపులోకి గాలి చేరినా, ఎవరో ఒకరు పక్కనే ఉండి చూసుకోవాలి. ఆ రాత్రి వార్డులో ముప్పై ఒక్క మంది పిల్లలకు ఒకే స్టాఫ్ నర్సు. తెల్లవారేదాకా ఆ సీసాలో బుడగలు వస్తున్నాయా లేదా అని చూస్తూ నేనే కూర్చున్నాను. పాప బతికింది. మరునాటి ఓపీ మాత్రం పదకొండింటికి గానీ మొదలు కాలేదు.

ఢాకాలో మహమ్మద్ జొబాయెర్ చిస్తీ బృందం, తీవ్రమైన న్యుమోనియాతో వచ్చిన పిల్లలకు షాంపూ సీసాతో తయారుచేసిన బబుల్ సీపాప్ పెట్టి చూసింది. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మామూలు ఆక్సిజన్ పెట్టినవారిలో 15 శాతం మంది చనిపోగా, సీపాప్ పెట్టినవారిలో 4 శాతం మందే చనిపోయారు. ఆఫ్రికాలోని మలావీ దేశంలో, సలీమా జిల్లా ఆస్పత్రిలో రోజూ వైద్యుల పర్యవేక్షణ లేని వార్డులో ఇటువంటి పద్ధతినే పరీక్షించినప్పుడు, 2019లో వచ్చిన లెక్క తిరగబడింది: సీపాప్ పెట్టినవారిలో 17 శాతం, ఆక్సిజన్ మాత్రమే ఇచ్చినవారిలో 11 శాతం మరణాలు. మనుషులు లేనిచోట యంత్రం మేలు చేయకపోవడమే కాదు, కీడు కూడా చేయగలదని నేను దీన్నిబట్టి అనుకుంటున్నాను.

108 ఈఎంటీ (అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి):

డాక్టరు గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ యంత్రం వద్దంటే మిగిలేది విశాఖలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కు రిఫర్ చేయడమే. పాడేరు నుంచే విశాఖ 110 కిలోమీటర్ల దూరం, అందులో ఘాట్ రోడ్డు ఒకటి. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు పల్లెల నుంచి బిడ్డను డోలీలో మోసుకొచ్చి, దారి ఉన్నచోట ఫీడర్ అంబులెన్సు (మోటారు సైకిలు అంబులెన్సు) ఎక్కించి, ఆ పైన మా బండిలోకి మార్చేసరికే సగం పగలు గడిచిపోతుంది. వంపు తిరిగిన ప్రతిసారీ ఒక చేత్తో మాస్కు, మరో చేత్తో బిడ్డను పట్టుకుని కూర్చునేవాణ్ణి నేను. దారిలో ఊపిరి ఆగిపోతే ఆ బండిలో నాకు తోడుగా వైద్యుడెవరూ ఉండరు.

ఇంకొక మాట. కాగితం మీద రిఫర్ అని రాయగానే అందరూ బయలుదేరరు. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలుంటారు, కూలి పోతుంది, విశాఖలో తమ భాష తెలిసినవారుండరు. “అక్కడ ఏమన్నా అయితే పిల్లను ఎలా తెచ్చుకోవాలి బాబూ” అని ఒక తల్లి నన్నే అడిగింది. 2024లో పాడేరులో 50 సీట్లతో మెడికల్ కాలేజీ కూడా మొదలయ్యింది. ఇంకా యంత్రాలు కొండ కిందే ఉండాలనడం న్యాయమా?

పాత రెసిడెంటు:

కొండ మీది నుంచి వచ్చే పిల్లలను అందుకునే కింది ఆస్పత్రిలో రెసిడెంటు డాక్టరుగా కొన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి ఇద్దరికీ కొంత అభ్యంతరం చెప్పాలి. ఢాకాను, మలావీని పక్కపక్కన పెట్టి తేడా అంతా వైద్యుల వల్లే వచ్చిందనడం తొందరపాటు. మలావీ పరిశీలనలో హెచ్‌ఐవీ, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలను ఉద్దేశపూర్వకంగానే తీసుకున్నారు. రోగులే వేరైనప్పుడు ఫలితం వేరుగా ఉండడంలో వింతేముంది?

అయినా డాక్టరు గారి భయం ఉత్తది కాదు. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో కాథరిన్ మెయిట్లండ్ బృందం, తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ మందగించిన 3,141 మంది పిల్లలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాన్ని తలచుకోండి. వేగంగా సిలైన్ ఎక్కించినవారిలో 48 గంటల్లో 10.5 శాతం మంది చనిపోగా, అలా ఎక్కించనివారిలో 7.3 శాతం మందే చనిపోయారు. అప్పటిదాకా చాలా పుస్తకాల్లో వేగంగా సిలైన్ ఎక్కించడమే మొదటి మెట్టు. అక్కడి పిల్లల్లో చాలామందికి మలేరియా, ఎందరికో తీవ్ర రక్తహీనత. ఏజెన్సీ నుంచి మా దగ్గరికి వచ్చేవారిలోనూ ఆ రెండూ కనబడేవి. సిలైన్ సీసా విషయంలోనే ఇంత ఆలోచించవలసి వచ్చినప్పుడు, వెంటిలేటరు సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి అక్కడ ఉంచాలా, పంపాలా అన్న ప్రశ్నకు ముందు మరొకటి ఉంది: పంపేలోపు ఏం చేశారు? రక్తంలో చక్కెర చూడకుండా, శరీరం చల్లబడిపోయి, ఒక్క ఫోనయినా లేకుండా వచ్చిన బిడ్డలను నేను ఎందరినో చూశాను.

కొండమీది వైద్యుడు:

అమ్మా, మలావీ విషయంలో మీరు చేసిన సవరణను ఒప్పుకుంటున్నాను. నేను తేల్చినంత గట్టిగా తేల్చకూడదు. ఈఎంటీ గారి మాటతో నా వాదన కూడా కొంత మారింది. సీపాప్ ఇక్కడే ఉండాలి. బిడ్డ కొంత కుదుటపడ్డాక, కేజీహెచ్‌కు ముందే ఫోను చేసి, గ్లూకోజు చూసి, ఒంటికి వెచ్చగా చుట్టి, నర్సును తోడిచ్చి పంపాలి. కానీ నర్సు బండెక్కితే వార్డులో ఎవరూ మిగలరు. మూడో వెంటిలేటరు వద్దని, దానికి బదులు రాత్రి పూటకు ఇద్దరు నర్సులు కావాలని నిన్ననే లేఖ రాసి పై అధికారికి ఇచ్చాను. యంత్రానికైతే నిధి ఉందట, మనిషికి పోస్టు లేదట. లేఖ మాత్రం వెనక్కి తీసుకోలేదు.