“వివాదము అధికము కాకమునుపే”: సామెతలు 17:14 మీద ఒక చర్చ

ప్రశ్న: తెలుగు బైబిలులో సామెతల గ్రంథం 17వ అధ్యాయం 14వ వచనం “కలహారంభము నీటిగట్టున పుట్టు ఊట, వివాదము అధికము కాకమునుపే దాని విడిచిపెట్టుము” అని ఉన్నది. ఊటబావి, ఊటనీరు అంటూ మంచికే వాడే మాటను ఇక్కడ కలహానికి ఎందుకు ముడిపెట్టారు? విడిచిపెట్టుమంటే, ఎదుటివాడు ఏమన్నా తలవంచుకొని వెళ్లిపొమ్మనేనా?

సమాధానం: మొదటి సందేహం “గట్టున” అన్న మాట దగ్గర ఆగి చూస్తే తీరిపోతుంది. బావిలో ఊట వరమే గాని, చెరువుకట్టకు ఊట పుట్టితే ఊరికి ముప్పు. కట్ట వెలుపలి వాలున మట్టి మెత్తబడి, మొదట తేటనీరు సన్నగా కారుతుంది. ఆ నీరు బురదరంగుకు తిరిగిందంటే లోపల మట్టి కోసుకుపోతున్నదనీ, బుంగ పడుతున్నదనీ ఆయకట్టు రైతులు ఇట్టే గుర్తుపడతారు. గండి పడ్డాక ఊరంతా కదిలి వచ్చినా చేయగలిగింది తక్కువ. మన “చినికి చినికి గాలివాన” కూడ తగాదా పెరిగే తీరునే చెబుతుంది, కాని పెరిగిందని చెప్పి ఊరుకుంటుంది. ఈ వచనమైతే “కాకమునుపే” అని గడువు పెట్టి మరీ ఆజ్ఞాపిస్తుంది, అందులోని బలమంతా ఆ చివరి ఏకారంలోనే ఉన్నదని నా అభిప్రాయం.

రెండవ సందేహానికి ఆదికాండము 26వ అధ్యాయం మంచి వ్యాఖ్యానం. గెరారు లోయలో అబ్రాహాము కుమారుడైన ఇస్సాకు పనివారు త్రవ్విన బావిని అక్కడి కాపరులు “ఈ నీరు మాదే” అన్నారు. అతడు దానికి ఏశెకు, అనగా జగడము, అని పేరుపెట్టి వదిలేశాడు. రెండవ బావి దగ్గరా అదే జగడం, దాని పేరు శిత్నా, అనగా విరోధము. మూడవదాని జోలికి ఎవరూ రాలేదు గనుక, దేవుడు తమకు ఎడము కలుగజేశాడని చెప్పి దానికి రహెబోతు అని పేరుపెట్టాడు. అతడు చేతకాక తప్పుకున్నాడని అనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే అంతకుముందే, 16వ వచనంలో, “నీవు మాకంటె బహు బలము గలవాడవు” అంటూ అక్కడి రాజైన అబీమెలెకే అతణ్ణి వెళ్లిపొమ్మన్నాడు. తరువాత అదే అబీమెలెకు తన సేనాధిపతి ఫీకోలును వెంటబెట్టుకొని బెయేర్షెబాకు వచ్చినప్పుడు, నామీద పగపట్టి పంపివేసినవారు ఇప్పుడెందుకు వచ్చారని ఇస్సాకు మొగమాటం లేకుండా అడిగాడు. అడిగి, విందు చేసి, మరునాడు ప్రమాణాలు చేసుకొని, సమాధానంగా సాగనంపాడు. సామెతలోని “దాని” అన్న సర్వనామం వివాదాన్ని సూచిస్తుంది గాని మనిషిని కాదు. ఇస్సాకు బావులను వదులుకున్నాడు, జగడాన్ని వదిలేశాడు. మాట అడిగే హక్కును మాత్రం వదులుకోలేదు, వచ్చినవారికి అన్నం పెట్టడమూ మానలేదు.

మరొక సభ్యుని అభ్యంతరం: అలాగైతే అపొస్తలుడైన పౌలు అంతియొకయ సంఘంలో తోటి అపొస్తలుడు పేతురును ముఖాముఖిగా ఎదిరించడాన్ని (గలతీయులకు 2:11) ఏమనాలి? “తనకు పట్టని జగడమునుబట్టి రేగువాడు దాటిపోవుచున్న కుక్క చెవులు పట్టుకొనువానితో సమానుడు” అని కూడ ఇదే సామెతల గ్రంథం 26:17లో చెబుతున్నది గదా.

సమాధానం: మీరు చూపిన వచనంలోనే “తనకు పట్టని” అన్న షరతు ఉన్నది. ఇస్సాకుకు పోయింది తన నీళ్లు, కనుక వదులుకునే అధికారం అతనిదే. అంతియొకయలో జరిగింది వేరు: అంతవరకు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోజనం చేస్తున్న పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుండి కొందరు రాగానే సున్నతి పొందిన యూదులకు భయపడి వెనుకకు తగ్గాడు, ఆ వేషధారణలో పౌలు జతపనివాడైన బర్నబా కూడ కొట్టుకుపోయాడు. అక్కడ పౌలు మౌనంగా తప్పుకొని ఉంటే నష్టపోయేది పౌలు కాదు, పంక్తిలోనుండి వెలియైన ఆ అన్యజన విశ్వాసులు. ఇతరుల తరఫున త్యాగం ప్రకటించే అధికారం ఎవరికీ లేదు. పైగా ఆ సంఘంలో బర్నబాతో కూడ ఒక సంవత్సరమంతా ఉండి బోధించినవాడు పౌలు (అపొస్తలుల కార్యములు 11:26). ఆ పంక్తి ఆయనకు పట్టనిదని ఎవరూ అనలేరు.